పాత బందరు మార్కెట్టులో అమ్మమ్మ రాయి

"మార్కెట్టు తీసేస్తున్నారంట. నా రాయి ఉందో లేదో చూసిరావే," అంది అమ్మమ్మ. బందరులో ఆమె ముప్పై ఏళ్లు చేపలమ్మిన చోటు అది. ఇప్పుడు మోకాళ్లు ఆమెను లేవనివ్వవు. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే కాబట్టి వెతికే పని నాకు అప్పగించింది.

గుడివాడలో ఉదయం ఆరున్నర ప్యాసింజరెక్కాను. టిక్కెట్టు డెబ్బై నయాపైసలు. గుడ్లవల్లేరు దాటాక కిటికీ నిండా వరిచేలే. పెడన దగ్గర గాలిలో ఉప్పు తగిలింది. ఎనిమిదింటికి దిగి రిక్షా మాట్లాడుకున్నాను.

"పాత మార్కెట్టా? అక్కడ చేపా లేదు, పిల్లీ లేదండి," అని నవ్వాడు రిక్షా అతను.

విదేశీ కంపెనీలు ఈ ఊరిని తమ వ్యాపారానికి రాజధాని చేసుకున్న రోజుల్లో అక్కడ అద్దకం బట్టల సంత జరిగేదట. ఓడలు తగ్గాక ఆ చోటికే చేపలొచ్చాయి. పైన రేకులు వేసి, కింద చేపలు కోసి అమ్మేందుకు వరుసగా నల్లరాతి పలకలు పరిచారు. ఒక గాలివానకు రేకులు లేచిపోయాయి. అమ్మేవాళ్లు కొత్త మార్కెట్టుకు మారిపోయారు. నేను వెళ్లేసరికి రాళ్లను రోడ్డుపనికి బండికెత్తుతున్నారు.

స్తంభాలమీద తారుతో వేసిన అంకెలున్నాయి. అమ్మమ్మ ఇచ్చిన పాత అద్దె రశీదులోని పద్నాలుగో నంబరు దగ్గరికి పరుగెత్తాను. కింద మట్టి తప్ప ఏమీ లేదు.

గేటు దగ్గర ఎండుచేపల బుట్టతో కూర్చున్న పోలమ్మ అనే ముసలావిడ కేకేసింది. "ఎవరమ్మాయివే?"

"నాగమ్మ మనవరాల్నండి."

"ఎడంచేతి నాగమ్మా! దాని నోటికి జడిసి కాకులు కూడా దూరంగా వాలేవి. అంకెల్లో ఏం చూస్తావే? అవి గుమాస్తా కోసం. రేకు కారితే మేం రాయి పక్కకి లాక్కునేవాళ్లం. నీళ్లు పోయే వాలు నీ ముందుకి ఉండేలా నిలబడి, కత్తి నూరిన గాడి చూడు. అందరిదీ కుడిపక్క. దానిదొక్కత్తిదే ఎడంపక్క."

బండి పక్కన పోసిన గుట్టలో మూడో రాయి అదే. ఎడమ అంచున చిటికెనవేలు పట్టేంత గాడి. నాదీ ఎడమచేతి వాటమే. పలక పట్టిన ఏడాదే పంతులుగారు మాన్పించారు. ఇన్నేళ్లకు ఆ చేయి తనంతట తానే ముందుకు వెళ్లింది.

"ఒక్క నిమిషం ఆగన్నా," అని బండి తోలే అతన్ని బతిమాలి, రాయిమీద నోటుపుస్తకం కాగితం పరిచి పెన్సిలుతో రుద్దాను. నల్లటి కాగితంలో గాడి తెల్లగా తేలింది. ఇంటికొచ్చి అది అమ్మమ్మ చేతిలో పెట్టాను. ఇన్నేళ్లలో నేను తెచ్చిన కాగితాల్లో, మరొకరు చదివి చెప్పకుండా అమ్మమ్మకు అర్థమైనది అదొక్కటే. చాలాసేపు దానిమీదే వేలు పెట్టుకుని కూర్చుంది.

మీవాళ్ల రాయి కోసం వెళ్లదలిస్తే, రాళ్లన్నీ రోడ్డుకు పోకముందే, ఉదయం రైలుకే వెళ్లండి. తొమ్మిదిన్నరకల్లా పోలమ్మగారు బుట్ట సర్దేస్తారు. ఏ రాయి ఎవరిదో చెప్పగలిగినవాళ్లు అక్కడ ఇంకెవరూ లేరు.