ధర్మకాంటా మీద ఆరు క్యూబిక్ మీటర్లు

వాల్యూం అన్న ఇంగ్లీషు మాటను నా ముందు ఎవరెవరు ఏ అర్థంలో వాడారో నాకు గుర్తుంది. నానక్‌రామ్‌గూడలో టవర్ కడుతున్న సంస్థలో చేరిన మొదటి వారంలోనే మా ప్రాజెక్టు మేనేజరు, "మేడమ్, మీ వాల్యూం కొంచెం తగ్గించండి" అన్నాడు. ఆయన పక్కనే ముగ్గురు మగ ఇంజనీర్లు నాకంటే గట్టిగా అరుస్తున్నారు. టవర్ కట్టించుకుంటున్న కంపెనీవాళ్లు సమావేశాలకు వచ్చి తమకు పని ఎక్కువైందని చెప్పడానికి వాల్యూమ్స్ పెరిగాయంటారు. అప్పుడు అందరూ తలలూపుతారు. నేను రాసిన కొలతల పుస్తకాలను బైండు చేయించి, వాల్యూం ఒకటి, రెండు, మూడు అని అట్టల మీద వేయించాను. వాటి మీద టీ గ్లాసులు పెట్టేవారు. ఏ మరక ఎవరి గ్లాసుదో ఇప్పటికీ చెప్పగలను.

నా ఉద్యోగం మాత్రం బడిలో ఘనపరిమాణం అని నేర్చుకున్న వాల్యూంతో. శ్లాబు పొడవు, వెడల్పు, మందం, దూలాలు లెక్కగట్టి ఎంత కాంక్రీటు తెప్పించాలో నేను చెప్పాలి. మార్చిలో వేసిన శ్లాబుకు డెబ్బై ఎనిమిది క్యూబిక్ మీటర్లు చాలని చెప్పాను. లారీకి ఆరు చొప్పున పదమూడు లారీలు వచ్చాయి. అయినా చివరి మూలన నాలుగు క్యూబిక్ మీటర్లు తక్కువపడింది.

మరునాడు సమావేశంలో మేనేజరు, "మేడమ్ గారి వాల్యూం అంతా గొంతులోనే ఉందండీ, కాగితం మీద లేదు" అన్నాడు. గది నవ్వింది. లెక్క సరిగ్గానే ఉంది, లారీల్లోనే ఆరు రావడం లేదన్నాను. "డ్రమ్ములోకి తొంగి చూశారా?" అన్నాడు. మళ్లీ నవ్వారు. మొత్తం తొమ్మిది మంది.

ఏప్రిల్‌లో తర్వాతి శ్లాబు. ఎనభై నాలుగు క్యూబిక్ మీటర్లు, పద్నాలుగు లారీలు. ప్రతి లారీనీ దారి మళ్లించి ధర్మకాంటా ఎక్కించి తూచాలని పట్టుబట్టాను. ఖాళీ బండి బరువు తీసేస్తే కాంక్రీటు బరువు తెలుస్తుంది. ఆరు క్యూబిక్ మీటర్లయితే పద్నాలుగు టన్నులు దాటాలి. మేనేజరు ఒప్పుకున్నాడు. "తూచుకోండి. పని ఆగితే మాత్రం పేరు మీదే."

పని ఆగడమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. పోసిన కాంక్రీటు అంచు బిగుసుకున్నాక దాని పక్కన పోసింది దానితో కలవదు. ఆ అతుకులోంచి నీళ్లు దిగుతాయి. ఈ శ్లాబు కింద కరెంటు ప్యానెళ్ల గది రావాలి.

ఐటీ ఆఫీసుల ట్రాఫిక్ ఉండదని ఆదివారం పెట్టుకున్నాం. ఏడింటికి నేను కాంటా దగ్గర నిలబడ్డాను. శ్లాబు మీద మా మేస్త్రీ ఉన్నాడు. తొమ్మిదింటిలోపు ఐదు లారీలు తూచి పంపాను. వాటిలో మూడు తక్కువే వచ్చాయి. ఒకదానిలో పదమూడు టన్నులు కూడా లేదు. కాంటావాళ్లిచ్చిన ఆ చీటీని మిగతావాటితో కలిపి సంచిలో పెట్టుకున్నాను.

ఆరో లారీ, దాని వెనక ఏడోదీ తూకం అయ్యి బయల్దేరాయి. ఐదు నిమిషాలకు ఆరో లారీ డ్రైవరు ఫోన్ చేశాడు.

"మేడమ్, యూటర్న్ బంద్ చేసిన్రు. ఏందో ఉరుకుడు పోటీ అంట."

వారం రోజులుగా ఆ పరుగు పందెం బ్యానర్లు స్తంభాలకు వేలాడుతూనే ఉన్నాయి. రోజూ చూశాను. కాంక్రీటు ప్లాంటు నుంచి సైటుకు నేరుగా వచ్చే దారిలో పందెం లేదు. కాంటా మీదుగా నేను తిప్పించిన దారిలోనే ఉంది.

ఆటో పట్టుకుని యూటర్న్ దగ్గరికి వెళ్లాను. రెండు లారీలూ డ్రమ్ములు తిప్పుకుంటూ నిలబడ్డాయి. బారికేడు దగ్గరున్న కానిస్టేబుల్‌తో వాదించాను.

"మేడమ్, ఇన్ని వేల మంది ఉరుకుతుంటే మీ సిమెంటు బండిని మధ్యల ఇడవాల్నా? జర సబర్ జెయ్యిన్రి."

ఎండ ముదురుతోంది. ఆరో లారీ డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టాడు. "వినాయకుని లెక్క కాంటా మీద ఎక్కిచ్చిన్రు, రోడ్డు మీద నిలబెట్టిన్రు. ఇగ నిమజ్జనం జేసుడొక్కటే తక్కువ."

మేస్త్రీ ఫోన్ వచ్చింది. "అమ్మా, మాల్ యాడుంది? ఈడ అంచు బిగుస్తున్నది."

"వస్తోంది."

"వస్తున్నదా, వచ్చిందా? సక్కగ చెప్పు."

ఆ వెంటనే ఎనిమిదో లారీ డ్రైవరు. ప్లాంటు గేటు దగ్గర ఉన్నాడు. "నేరుగ సైటుకు పోనా, కాంటాకు రానా?"

నేరుగా పొమ్మంటే నా దగ్గర మిగిలేది ఏడు లారీల చీటీలు. మిగతా ఏడింటి సంగతేమిటి అని మేనేజరు అడుగుతాడు. ఆ గొంతు నాకు ముందే వినిపించింది. చెబుతానుండు అని ఫోన్ పెట్టేశాను. కానిస్టేబుల్ ఇప్పుడైనా తెరుస్తాడేమోనని బారికేడు వైపు చూస్తూ నిలబడ్డాను. పది నిమిషాలు. గడియారం చూసుకున్నాను కాబట్టి తెలుసు. తర్వాత ఎనిమిదో లారీకి ఫోన్ చేసి, "నేరుగా పో, మిగతావాళ్లకూ చెప్పు" అన్నాను.

రోడ్డు తెరిచేసరికి ఆరు, ఏడు లారీల్లో మాల్ కలిపి రెండు గంటలైంది. ఆరో లారీ డ్రైవరు నీళ్లు కలిపి పోసేద్దామన్నాడు. నీళ్లు కలిపితే బలం పోతుందని ఒప్పుకోలేదు. నేను ఆపించిన లారీలను నేనే వద్దని వెనక్కి పంపాను. బదులుగా మరో రెండు చెప్పాను.

సైటుకు చేరేసరికి మేస్త్రీ అంచు మీద తడి గోనెసంచులు పరిపించి, మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎనిమిదో లారీ అప్పుడే పంపు దగ్గరికి వచ్చింది. గంటా పది నిమిషాలు పని ఆగింది. సంచులు తీసి, సిమెంటు పాలు పోసి, కొత్త మాల్‌ను అంచులోకి కుక్కి కుక్కి దించారు. మేస్త్రీ నన్ను దాటి వెళ్లి తర్వాతి లారీని పంపు దగ్గరికి పిలిచాడు.

సోమవారం మేనేజరు, పని ఎందుకు ఆగిందో రాయమని రిజిస్టరు నా ముందు పెట్టాడు. "ట్రాఫిక్ అని రాయండి మేడమ్. అందరికీ హాయి."

లారీలను కాంటా మీదుగా తిప్పించింది నేనేనని రాశాను. ఎనిమిదో లారీకి పది నిమిషాలు ఆలస్యంగా జవాబు చెప్పానని కూడా రాశాను. కింద మూడు లారీల్లో ఎంత తక్కువ వచ్చిందో అంకెలు వేశాను.

"మీ మీద మీరే కంప్లైంటు రాసుకునే మనిషిని నేను చూళ్లేదండీ" అన్నాడాయన. అంకెల జోలికి వెళ్లలేదు.

కింద ఆనించిన చెక్కలు విప్పాక శ్లాబు మీద నీళ్లు నిలబెట్టారు. మర్నాడు మేస్త్రీ, నేను టార్చి తీసుకుని కిందకి దిగాం. అతుకు సన్న గీతలా కనిపించింది. మేస్త్రీ నిచ్చెనెక్కి దాని పొడవునా అరచెయ్యి రాశాడు. మొదట్లో పొడి, మధ్యలో పొడి. స్తంభం దగ్గర చెయ్యి ఆగింది.

"ఈడ పదన ఉన్నది. జానెడు."

సుద్దతో దాని చుట్టూ గీసి రమ్మన్నాను. ఆ చోట నీళ్లు దిగకుండా మందు ఎక్కించి, మళ్లీ నీళ్లు నిలబెట్టి చూసేదాకా కింద కరెంటు ప్యానెళ్లు బిగించకూడదని కాగితం రాశాను. వెనక తూకం చీటీలు పిన్ను చేసి మేనేజరు బల్ల మీద పెట్టాను. ఆయన పిన్ను ఊడదీసి చీటీలు నా వైపు జరిపాడు. నేను మళ్లీ పిన్ను చేసి ఇచ్చాను. మళ్లీ తీశాడు. మూడోసారికి చీటీలతో సహా సంతకం పెట్టాడు.