తాడు ఒగ్గని తవిటమ్మ

భావనపాడు ఒడ్డున పెద్దవల లాగడం మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ముందు అది చెప్పాలి. లేకపోతే తవిటమ్మ ఏం చేసిందో మీకు ఎక్కదు. పడవ మీద వలని లోపలికి తీసుకుపోయి, చుట్టూ తిప్పి వేసి వస్తారు. దాని రెండు చివర్ల తాళ్లూ ఒడ్డుకి చేరతాయి. ఇటొక జట్టు, అటొక జట్టు. నడుముకి ఒక పొట్టి తాడు కట్టుకుని, దాని కొసని పెద్దతాడుకి మెలేసి, వెనక్కి వెనక్కి నడుస్తూ లాగుతారు. రెండు జట్లూ సమానంగా లాగాలి. ఒకవైపు సడలిందా, చేప ఆ పక్క నుంచి చక్కా పోతుంది. అందుకే అక్కడొక కట్టుబాటు ఉంది. తాడు పట్టుకున్నవాడు వల ఒడ్డుకి వచ్చేదాకా వదలకూడదు. వదిలినవాడికి ఆ రోజు వాటా లేదు.

నేను లాగేవాణ్ణి కాను. నా పేరు ఎజ్రా. కోటబొమ్మాళి సంతకి చేపలు మోసే ఆటో నాది. నోరు కాస్త ఎక్కువని మా ఆవిడ షీబా రోజూ అంటుంది, అననివ్వండి. వల వచ్చేదాకా ఇసకలో కూర్చోవడమే నా పని కాబట్టి అక్కడ జరిగేవన్నీ నా కళ్లబడతాయి.

తవిటమ్మ మొగుడు జ్వరంతో పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు. వల యజమాని కూర్మయ్య దగ్గరికి వెళ్లి, మొగుడి చోటు తనకిమ్మంది. ఆ జట్టులో అప్పటిదాకా ఆడమనిషి తాడు ముట్టలేదు. చేపలు ఏరడం, ఎండబెట్టడం, అమ్మడం వాళ్ల పని. జట్టుకి పెద్ద దాలయ్య ఇంతెత్తున లేచాడు. కూర్మయ్య జాలిపడి ఒప్పుకుంటే, దాలయ్య మెలిక పెట్టాడు.

“మాకైతే ఆ రోజు వాటా పోతాది. నువ్వు ఒక్కపాలి ఒగ్గినావంటే మరింక తాడు ముట్టకూడదు. ఇష్టమైతే అట్టుకో.”

“అలగే మావా” అంది ఆవిడ. అంతే. బేరం ఆడలేదు.

అప్పట్నుంచీ పట్టుకుంటూనే ఉంది. అరచేతులు చూస్తే మీకు భయమేస్తుంది. ఎప్పుడు జారుతుందా అని ఎదురుచూసేవాళ్లు జట్టులోనే ఉన్నారని ఆవిడకి తెలుసు.

మొన్న ఎన్నికలప్పుడు ఒక పొద్దున హరిబాబు అని, అభ్యర్థి గారి తాలూకు మనిషి, తెల్లచొక్కా వేసుకుని ఒడ్డుకి దిగాడు. సార్ వచ్చి వల లాగుతారట, ఆయన వచ్చేదాకా వల ఆపాలట.

“వల నీటిలో ఉన్నాది బావూ, ఎలగ ఆపుతాం?” అన్నాడు కూర్మయ్య.

“పెద్దాయన మీ కోసం వస్తుంటే కాసేపు ఆపలేరా?”

ఇంకేం మాట్లాడతాడు పాపం! ఆపారు. లాగడం కంటే లాగకుండా బిగబట్టి నిలబడటం కష్టం. సముద్రం తన పని తను చేసుకుపోతూనే ఉంటుంది కదా! ఎండ నడినెత్తికి వచ్చింది. సార్ రాలేదు. పక్క ఊళ్లో బజ్జీలు వేస్తున్నారని ఒకసారి, ఆ పై ఊళ్లో ఎవరికో గడ్డం గీస్తున్నారని ఒకసారి కబురొచ్చింది. ఆ గడ్డం గతి ఏమైందో నాకు తెలియదు.

చివరికి పాటలు, డప్పులు, కార్లు, పోలీసులు, నెత్తి మీద గిర్రున తిరిగే డ్రోను, అన్నీ వచ్చాయి. హరిబాబు అటూ ఇటూ చూసి, వెలుగు బాగా పడుతోందని సరిగ్గా తవిటమ్మ నిలబడ్డ చోటే ఎంచుకున్నాడు.

“అమ్మా, కాస్త తప్పుకో. సార్ ఇక్కడ పట్టుకుంటారు.”

“తప్పుకోను బావూ.”

వాడు నవ్వాడు. ఎవరైనా కాదంటారని వాడికి తట్టలేదు. కూర్మయ్య పరుగున వచ్చాడు.

“ఒక్క ఫోటోయేనే తవిటీ. నానే ఒగ్గమంటన్నాను కదేటి?”

“నువ్వు కాదు. దాలయ్య మావని సెప్పమను. ఇప్పుడు ఒగ్గినా నా సోటు పోదని అందరి ముందూ సెప్పమను.”

అందరం దాలయ్య వైపు చూశాం. ఒక్క మాట అంటే చాలు! మెడలో అప్పుడే వేయించుకున్న కొత్త పార్టీ కండువా సర్దుకుంటూ సముద్రం వైపు చూశాడు మహానుభావుడు. నాకు ఒళ్లు మండిపోయింది.

హరిబాబుకి ఓపిక అయిపోయింది. తనే ముందుకొచ్చి ఆవిడ వేళ్లు ఒక్కొక్కటీ తాడు మీంచి ఊడదీశాడు. ఆవిడ పెనుగులాడలేదు, తిట్టలేదు. రెండు చేతులూ గాల్లోకి ఎత్తేసింది. మోకాళ్లు వంచి, నడుము తాడు మీద ఒళ్లంతా వాల్చి, మడమలు ఇసకలో దిగేసి నిలబడింది.

“ఇదిగో బావూ, సేతులు తీసీసినాను. నీ ఫోటో నువ్వు తీసుకో. మిగతాది మాత్రం రాదు.”

ఓర్నాయనో! నా ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయంటే నమ్మండి. పోలీసులు, కెమెరాలు, అంత పెద్ద మనిషి, వీటన్నిటి మధ్యా ఒక బక్కమనిషి చేతులు పైకెత్తి, నడుముతో సముద్రాన్ని లాగుతోంది. చర్చిలో విశ్వాసం గురించి ప్రతి ఆదివారం వింటాను. దాన్ని కళ్లతో చూడటం నాకు అదే మొదలు.

సార్ వచ్చి ఆవిడ ముందు నిలబడి తాడు ముట్టుకున్నారు. లాగడం కాదు, ముట్టుకోవడమే. ఫోటోలు టకటకా పడ్డాయి. “ఎలా ఉన్నావమ్మా?” అని కెమెరా వైపు చూస్తూ అడిగి, జవాబు వచ్చేలోపే తాడు వదిలేశారు. ఎవరో తడి కాగితం అందిస్తే చేతులు తుడుచుకుంటూ ప్రచార బండి ఎక్కారు. అక్కడ మైకు. అక్కడే బిర్యానీ పొట్లాలు.

అప్పుడు వచ్చింది అసలు ముప్పు. దాలయ్య నడుము తాడు విప్పి బండి వైపు పరుగెత్తాడు. సార్‌తో చెయ్యి కలిపిస్తామని మాటిచ్చారట. ఆయన్ని చూసి మిగతావాళ్లు. అటు జట్టు నుంచీ అంతే. పొద్దుట్నుంచీ ఎండలో మాడినవాళ్లు, ఆకలి. వాళ్లనేం అనగలను! కానీ తాడు మాత్రం ఊరుకోలేదు. తవిటమ్మని నీళ్లలోకి ఈడ్చుకుపోసాగింది. మోకాళ్ల దాకా మునిగింది.

“ఒగ్గీవే తవిటీ, సచ్చిపోతావు!” అని, అటు జట్టు వదిలేసిన తాడు పరుగున వెళ్లి పట్టుకున్న కూర్మయ్య అరిచాడు.

ఆవిడ వదల్లేదు. నేను చెప్పులు విసిరేసి వెళ్లి తాడు పట్టుకున్నాను. మెచ్చుకుంటుందేమో అనుకున్నాను.

“అట్టుకున్నావు కదా, మరి ఒగ్గకు” అంది, తల తిప్పకుండానే.

పంపకానికి గంపలతో వచ్చిన ఆడవాళ్లు కొందరు ఆ తాడుకీ, కొందరు ఈ తాడుకీ పరుగెత్తారు. మైకులో మత్స్యకారుల సంక్షేమం గురించి చెబుతున్నారు. మేం లాగుతున్నాం. నా చేతులు బొబ్బలెక్కాయి, సిగ్గు లేకుండా ఏడ్చాను కూడా. ఎట్టకేలకు వల సంచి ఇసక మీదికి వచ్చింది. నిండా కవళ్లు, ఆ చిన్నచేపలు తెల్లగా ఎగురుతున్నాయి. వాటి మధ్య ఒక పండుగప్ప, చంటిపిల్లంత ఉంది.

బిర్యానీ తిన్నవాళ్లు తలొంచుకుని వచ్చి దూరంగా నిలబడ్డారు. వాళ్ల కంటే ముందు హరిబాబు వచ్చాడు.

“ఆ పెద్ద చేప ఇవ్వండి. సార్ పట్టుకుని ఫోటో దిగుతారు. ఆయన కూడా తాడు పట్టారుగా, ఆయన వాటా అనుకోండి.”

కూర్మయ్య వంగాడు, తీసి ఇవ్వడానికే.

“ఆయన ఒగ్గీసినాడు” అంది తవిటమ్మ. గట్టిగా కూడా అనలేదు. “ఒగ్గినోలికి వాటా నేదు.”

“ఆడమనిషి మాటేంటి మధ్యలో!” అని హరిబాబు దాలయ్య వైపు తిరిగాడు. “ఏం పెద్దాయనా, మీరు మనవాళ్లే కదా. మీరు చెప్పండి.”

దాలయ్య ముందుకొచ్చాడు. నేను పళ్లు నూరుకున్నాను. ముసలాయన చేపవైపు చూడలేదు, హరిబాబు వైపూ చూడలేదు. నీళ్లు కారుతున్న తవిటమ్మ చీర వైపు, తాడు కోసుకుపోయి నెత్తురు చిమ్మిన ఆవిడ నడుము వైపు చూశాడు. 

“నాను ఒగ్గీసినాను. నాకు నేదు. మీ సారుకీ నేదు. ఎల్లండి.”

హరిబాబు ఏదో అనబోయి, చుట్టూ మూగిన ఆడవాళ్ల ముఖాలు చూసి, ఒట్టి చేతులతో కారు వైపు నడిచాడు. దాలయ్య ఇటు తిరిగి జట్టంతటికీ వినబడేలా అన్నాడు.

“రేపట్నుంచి దీని సోటు దీనిదే. రోగమొచ్చి పడున్నా, ఒగ్గినా, దీనిదే. ఎవడైనా కాదంటే ముందు నన్ను తాడు మీంచి లాగీమనండి.”

అప్పటిదాకా బిగబట్టుకు నిలబడ్డ మనిషి అక్కడే ఇసకలో కూలబడి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.