బుల్లోడి ఆఖరి ఉత్తరం

బుల్లోడా, నువ్వు పోయావన్న కబురు నాకు వరిచేలో అందింది. మోకాలి లోతు బురదలో నాట్లు వేస్తున్నాను. గట్టు మీద నుంచి కేకేశారు. చేతిలో నారుకట్ట అలాగే పట్టుకుని బందరు బస్సెక్కానంట. నాకు తెలియదు, చూసినవాళ్లు చెప్పారు.

అయ్యలారా, అమ్మలారా, నేను మూడో తరగతి దాకా చదివినదాన్ని. ఎదురింటి పంతులమ్మగారు దిద్దిపెడతానన్నారు గానీ వద్దన్నాను. బుల్లోడి జ్ఞాపకార్థ కూటానికొచ్చిన మీకు పంచే ఈ కాగితంలో ప్రతి ముక్కా నేనే రాయాలి. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

నా కొడుకు బందరులో పాస్టరు చదువు చదివేవాడు. అన్నం తింటున్నా పుస్తకం వదిలేవాడు కాదు. పేజీల నిండా పులుసు మరకలే. వాడి పింగాణీ పూత ఇనప కంచం అంచు ఒకచోట పెచ్చు ఊడింది. కొత్తది కొంటానంటే, "ఇందులో అయితే రెండు ముద్దలు ఎక్కువ వెళ్తాయమ్మా" అనేవాడు.

మొన్న వేసవి సెలవులకు వచ్చినప్పుడు ఒక ఆదివారం మా చర్చిలో వాడి చేత వాక్యం చెప్పించారు. బైబిల్లో తిమోతికి రాసిన పత్రికలు, అంటే ఉత్తరాలు, పౌలు భక్తుడే రాశాడా, ఆయన పోయాక శిష్యుడెవరైనా ఆయన పేరు మీద రాశాడా అని పెద్ద చదువులవాళ్లు వాదించుకుంటున్నారని చెప్పాడు. సంఘపెద్ద లేచి నిలబడ్డాడు.

"అయితే బైబిల్లో దొంగ ఉత్తరాలున్నాయంటావా అబ్బాయ్?"

"దొంగవి అనలేదు మావయ్యా. గురువు ఉంటే ఏం చెప్పేవాడో అదే రాసి ఉండొచ్చు."

"రేపు నీ పేరు పెట్టి నేను ఆడపిల్లవాళ్లకి ఉత్తరం రాస్తా. చేసుకుంటావా?"

అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చాక అడిగాను. "పేరొకరిది, రాత ఒకరిది అయితే అది అబద్ధం కాదంట్రా?"

"నీ ఉత్తరాలు పంతులమ్మగారు రాయట్లా? నువ్వు తిట్టమన్న తిట్లన్నీ ఆవిడ దీవెనలు చేసి రాస్తారు. అయినా అవి నీవేగా!"

నాకు నవ్వు రాలేదు. సంఘం ముందు తప్పు ఒప్పుకోమన్నాను. "తప్పని నాకు అనిపించట్లేదమ్మా" అన్నాడు. "అయితే ఒప్పుకునేదాకా ఈ గడప తొక్కకు" అన్నాను. వాడి కళ్లముందే వాడి కంచం కడిగి అటక మీద బోర్లించాను. సంచీ తీసుకుని వెళ్లిపోయాడు. రెండు నెలలు ఉత్తరం లేదు. ఆ తర్వాత టైఫాయిడ్.

వాణ్ణి మట్టి చేసిన రోజున, వాడి గదిలో ఉండే స్నేహితుడు నాకొక ఉత్తరం ఇచ్చాడు. "అమ్మా, నీ మీద నాకు కోపం లేదు. అటక మీద నుంచి నా కంచం దించి అందులో తిను" అని ఉంది. చేతిరాత వాడిది కాదు. నీరసంగా ఉండి వాడు చెబుతుంటే ఈ అబ్బాయి రాశాడనుకున్నాను. ఆ ఒక్క ముక్కతో నెల రోజులు బతికాను.

నెల తర్వాత ఆ అబ్బాయి వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు.

"అత్తయ్యా, చివరి మూడు రోజులూ వాడికి మాటే లేదు. నేనే రాశాను. వాడుంటే అదే చెప్పేవాడని రాశాను."

"మరి కంచం సంగతి?"

"సెలవుల నుంచి వచ్చినప్పుడే చెప్పాడు. మా అమ్మే మళ్లీ దించుతుందిలేరా అన్నాడు."

"నవ్వుతూ అన్నాడా, ఏడుస్తూ అన్నాడా?"

"గుర్తులేదు అత్తయ్యా."

అబద్ధమని పొయ్యిలో పెడదామని రెండుసార్లు ఉత్తరం తీశాను. చెయ్యి రాలేదు. వాడిదేనని గుండెకు హత్తుకుందామంటే ధైర్యం చాలలేదు. వాడుంటే వాడినే అడిగేదాన్ని, ఇది ఎవరి ఉత్తరం అవుతుందిరా అని.

కంచం దించాను. పెచ్చు ఊడినచోట తుప్పు పట్టింది. రోజూ అందులోనే వడ్డించుకుంటున్నాను. ముద్ద దిగడం లేదు. మీరు మాత్రం వాడి పేరున పెడుతున్న ఈ భోజనం కడుపునిండా తినండి.