అమ్మ జాడీ కడిగింది

మా అమ్మాయి శ్రావణమాసంలో పోయింది. నరసరావుపేట ఆసుపత్రిలో ఆరు రోజులు ఉంది. రక్తకణాలు పడిపోయాయన్నారు, ఎక్కించారు, మళ్ళీ పడిపోయాయి. ఏడో రోజు పొద్దున డాక్టరుగారు బయటికి వచ్చి మా ఆయనతో మాట్లాడారు. నేను పాల ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆయన నా దగ్గరికి వచ్చాడు. నా చేతిలోని ఫ్లాస్కు తీసుకుని బెంచీ మీద పెట్టాడు. నాకు అలా తెలిసింది.

ఇరవై నాలుగేళ్ళు దానికి.

మా అమ్మాయి పనిచేసిన కాలేజీ మేడంగారు ఫోన్ చేశారు. దుమ్ము కొలిచే జాడీలు పెట్టిన ఇళ్ళవాళ్ళందరికీ ఒక చిన్న పుస్తకం పంచుతున్నారంట, అందులో మా అమ్మాయి గురించి నన్నే రాయమన్నారు. నేను ఐదో తరగతి దాకా చదివాను. వచ్చినట్టు రాస్తున్నాను. మీలో చాలామంది మిద్దెల మీదికి ఆ పిల్ల ఎక్కే ఉంటుంది. మూతికి నీలం చున్నీ కట్టుకుని, చేతిలో అట్ట పుస్తకం పెట్టుకుని, మెట్లెక్కే ముందు చెప్పులు విడిచేది. కాళ్ళకున్న దుమ్ము పైకి తీసుకుపోకూడదని. మీరు గుడి అనుకుని విడుస్తుందనుకున్నారేమో. మొదట్లో నేనూ నవ్వేదాన్ని.

నడికుడి పోయే రోడ్డు పక్కన మా ఊరు. చుట్టూ సున్నపు బట్టీలు, రాయి క్వారీలు. మా ఆయన ముప్పై ఏళ్ళుగా బట్టీ కాడే పని. పిల్ల డిగ్రీ చదివి కాలేజీలో ఈ దుమ్ము కొలిచే ఉద్యోగంలో చేరినప్పుడు ఆయన అన్నం తింటూ ఎగతాళి చేశాడు.

"దుమ్ముకి కాపలా కాయను డిగ్రీ ఎందుకే? మీ అమ్మ చీపురు పట్టుకుని ఎప్పటి నుంచో చేస్తానే ఉందిగా."

"నువ్వు దుమ్ము లేపుతావు నాన్నా, నేను లెక్కపెడతా. ఇద్దరిదీ ఒకటే కంపెనీ," అంది.

ఆ తర్వాత నాకు ఫోనులో మ్యాపు చూపించింది. కాలేజీలో కంప్యూటరు వేసిన మ్యాపు. ఎన్ని బట్టీలున్నాయి, గాలి ఎటు తిరుగుతుంది, లారీలు ఏ రోడ్డున పోతాయి, ఇవన్నీ చెబితే ఏ ఊరి మీద ఎంత దుమ్ము పడుతుందో అదే లెక్కవేస్తుందట. నిజంగా గాలిని కొలిచే పెద్ద మిషను దూరంగా టౌనులో ఒకటే ఉంది. మధ్యలో ఊళ్ళన్నీ కంప్యూటరు అంచనానే. మా సందు అందులో ఆకుపచ్చగా ఉంది.

"పచ్చగా ఉంటే మంచిదేగా," అన్నాను.

"దుమ్ము లేదని అర్థం అమ్మా అది. నువ్వు పొద్దున కడిగిన అరుగు మధ్యాన్నానికి ఏమవుద్దో నీకు తెలవదా? రైలు గేటు పడ్డప్పుడల్లా లారీలన్నీ మన సందులోకి తిరుగుతయ్. ఆ సంగతి దానికెవురు చెప్పారు?"

"అయితే అది అబద్ధం చెప్తందా?"

"అబద్ధం కాదు. దూరపు చుట్టం లాంటిది. మన ఇంటి సంగతి తెలవక ఏదో అంటది. కోప్పడకూడదు. పిలిచి కూచోబెట్టి చూపించాలి."

చూపించడానికే ఈ జాడీలు. పచ్చడి జాడీ అంత వెడల్పు మూతి గాజు జాడీ, అడుగున నీళ్ళు, ఆకాశం కింద నెల రోజులు. పడిన దుమ్ము నీళ్ళలోనే ఉండిపోతుంది. నెల కాగానే తీసుకుపోయి ఆరబెట్టి తూస్తారు. ఏడాది పాటు ప్రతి నెలా తూచి, కంప్యూటరు లెక్క పక్కన పెట్టి చూస్తారు. ఎక్కడ కుదరకపోతే అక్కడ కంప్యూటరుకు తెలియనిది ఏమిటో వెతుకుతారు. మా మిద్దె మీద కూడా సిమెంటు దిమ్మ వేసి దాని మీద ఒకటి పెట్టింది.

"మిద్దె ఊడవమాక. ఊడిస్తే లేచిందంతా దాంట్లోనే పడుద్ది," అని చెప్పింది. ఊడవకుండా ఉండటం నాకు ఎంత కష్టమో దానికి తెలుసు. వారానికోసారి తడిగుడ్డ పెట్టి తుడవమని తనే ఒప్పుకుంది.

పోయినేడు శ్రావణ శుక్రవారానికి ఇల్లంతా కడిగాను. అంతకుముందే ఆశా వర్కరమ్మ వచ్చి నిలవ నీళ్ళుంటే పారబోయమని చెప్పి వెళ్ళింది. మిద్దె ఎక్కి చూస్తే జాడీలో నీళ్ళు పాలలాగా ఉన్నాయి, రెండు పురుగులు తేలుతున్నాయి. పండగ పూట ఇదేమిటని పారబోశాను. బూడిద పెట్టి తోమాను. మంచినీళ్ళు అంతే కొలతకు పోసి, ఎక్కడిది అక్కడే పెట్టాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

సాయంత్రం పిల్ల పైకి వెళ్ళి చాలాసేపు రాలేదు. నేనే వెళ్ళాను. దిమ్మ పక్కన గొంతుకూర్చుని ఉంది.

"ఏందమ్మా ఇది ఇంత తళతళలాడతంది?"

"కడిగాను. పురుగులున్నయ్."

తిట్టలేదు. నుదురు కొట్టుకుని నవ్వింది. "దాంట్లో మందు చుక్కలు వేశానే తల్లీ, దోమలు గుడ్లు పెట్టవు. మూడు వారాల దుమ్ము పారబోశావు కదే." జాడీలోకి తొంగి చూసి, "ఇట్టాగే తూస్తే కంప్యూటరు చెప్పింది నిజమే అవుద్ది, మన ఇల్లు పచ్చగానే ఉంటది," అంది.

నాకు భయం వేసింది. "పోయిన నెల ఎంతొచ్చిందో అటూ ఇటూగా అదే రాసెయ్యరాదూ. ఎవురికి తెలుసుద్ది?"

"అట్టా రాస్తే దానికీ మనకీ తేడా ఏందమ్మా? అదీ చూడకుండానే చెప్పుద్ది. మనమూ చూడకుండా చెప్తే ఇంక చూసేదెవురు?"

అట్ట పుస్తకం తెరిచి నా ముందే రాసింది. "ఈ నెల ఈ ఇంటి లెక్క లేదు. అమ్మ జాడీ కడిగింది." ఇలాంటివి కూడా రాస్తారా అని అడిగాను. ఇలాంటివే ముందు రాయాలంది.

మిగతా ఇళ్ళన్నిటికీ ఏడాది నిండింది. మా ఇంటికి ఒక్క శ్రావణం తగ్గింది. ఆ నెల గాలి వేరు, ఆ నెలలోనే కొలవాలని మేడంగారు అన్నారు. అందుకని ఈ శ్రావణంలో అన్ని ఊళ్ళ జాడీలూ తీసేశాక కూడా మా మిద్దె మీద ఒక్కటి మళ్ళీ పెట్టారు. నేను కడిగిన నెల కోసం. ఇది పూర్తయితేనే మా సందు లెక్క నిలుస్తుందని పిల్ల చెప్పింది. "ఈసారి పండగొచ్చినా పబ్బమొచ్చినా ముట్టుకోమాక," అని నా చేయి పట్టుకుని మరీ చెప్పింది.

జాడీ పెట్టిన రెండో వారంలో జ్వరం వచ్చింది.

ఆసుపత్రిలో మూడో రోజు పెద్ద వాన. కిటికీ వైపు చూసి, "జాడీ పొర్లిందేమో. పొర్లితే దుమ్మంతా పోద్ది. చూశావా అమ్మా?" అంది. నేను ఇంటికే వెళ్ళలేదు. "చూశాను, బానే ఉంది," అన్నాను. "అంచుకు ఎన్ని వేళ్ళు తక్కువుంది?" అని అడిగింది. "నాలుగు వేళ్ళు," అన్నాను. సరేనని కళ్ళు మూసుకుంది. చూడకుండా చెప్పాను. దానికి ఇష్టం లేని పని అదొక్కటే, నేను అదే చేశాను.

పిల్లను ఇంటికి తెచ్చిన రోజు ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తులేదు. చాలామంది వచ్చారు. ఎవరో నా చేత నీళ్ళు తాగించారు. తీసుకెళ్ళిపోయాక నేను మిద్దె ఎక్కాను. ఎందుకు ఎక్కావని ఎవరూ అడగలేదు. జాడీ పొర్లలేదు. అంచుకు రెండు వేళ్ళు కిందికి ఉన్నాయి నీళ్ళు. చెప్పాలనుకుని కిందికి దిగాను. సగం మెట్లు దిగాక అక్కడే కూర్చున్నాను.

పదకొండో రోజు మైల తీర్చాలి. ఇంట్లో నిలవ నీళ్ళన్నీ పారబోసి, గిన్నెలన్నీ తోమి, పై నుంచి కిందిదాకా కడగాలి. మా ఆడపడుచు చీరె దోపుకుని అన్నీ తనే చేసింది. నేను గోడకు ఆనుకుని చూస్తున్నాను. కుండ, బిందెలు, తొట్టి అయ్యాయి. తర్వాత చీపురు, బకెట్టు తీసుకుని మిద్దె మెట్లెక్కింది. అప్పుడు లేచి వెనకే ఎక్కాను.

"వదినా, అది ఉండనీ."

"మైల నీళ్ళు ఇంటి మీద ఉంచుకుంటారా ఎవురైనా? అయినా పిల్ల ఏం జ్వరంతో పోయిందో తెలిసి కూడా ఇంకా ఈ నిలవ నీళ్ళేందే నీకు?"

ఆమె తప్పేం లేదు. మేనకోడలంటే ప్రాణం. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు వాచి ఉన్నాయి. నావి వాయలేదు.

"దాంట్లో మందుంది వదినా. దోమ పెట్టదు. ఇంకా నాలుగు రోజులుంది."

"దేనికి నాలుగు రోజులు?"

జాడీకి ముందు నిలబడ్డాను. ఆమె బకెట్టు పట్టుకుని అలాగే నిలబడింది. కింది నుంచి మా ఆయన పైకి వచ్చాడు.

"దాన్ని ముట్టుకోమాకమ్మాయ్. పిల్ల డ్యూటీ అది," అన్నాడు చెల్లెలితో.

ఆమె బకెట్టు కింద పెట్టేసింది. మిద్దె కడగకుండానే మైల తీరిందనుకున్నాం.

నాలుగు రోజుల తర్వాత మేడంగారు వచ్చారు. ఆమె ఏమీ అడగకముందే, "కడగలేదమ్మా," అన్నాను. పొర్లలేదని, తడిగుడ్డ కూడా పెట్టలేదని చెప్పాను. ఆమె తలూపి మూత బిగించారు. కాగితం మీద "చూసినవారు" అన్న చోట ఎవరి పేరు రాయాలో తెలియక ఆగిపోయారు. పెన్ను నాకు ఇచ్చారు. నేను సంతకం పెట్టాను.

తర్వాత ఫోన్ చేసి చెప్పారు. పిల్ల అన్నట్టే ఉందట. కంప్యూటరు చెప్పిన దానికీ జాడీలో పడిన దానికీ మా సందు కాడే పొసగలేదట. రైలు గేటు సంగతి, లారీలు తిరిగే సంగతి దానికి చెప్పి మళ్ళీ లెక్కవేయిస్తే మ్యాపులో మా సందు రంగు మారిందట. సంతోషించాలని ఆమె చెప్పారు. నేను సరే అన్నాను. ఏమీ అనిపించలేదు. అప్పుడు పొయ్యి మీద ఏదో ఉంటే వెళ్ళి కలిపాను.

మీ ఇంటికి వచ్చినప్పుడు ఆ పిల్లకు నీళ్ళిచ్చి ఉంటారు, ఎండలో వచ్చిందని నీడన కూర్చోబెట్టి ఉంటారు. ఎవరెవరు పెట్టారో ఇంటికొచ్చి చెప్పేది. ఒక ఇంట్లో రేగుపళ్ళు ఇచ్చారని చున్నీలో కట్టుకుని తెచ్చింది. మీకు నేనేమివ్వగలను. దండం పెడుతున్నాను.

జాడీ లేదు కాబట్టి మిద్దె ఊడవొచ్చు ఇప్పుడు. ఊడవలేదు. మా వైపు సున్నపు దుమ్ము వాన పడినా పోదు, తడిసి అంటుకుపోతుంది. దిమ్మంతా తెల్లగా గట్టిపడిపోయింది. జాడీ కూర్చున్న మేర మాత్రం గుండ్రంగా, సిమెంటు రంగులో, కొత్తదానిలా ఉండేది. బట్టలు ఆరేసేటప్పుడు చూస్తుంటాను. నిన్న చూస్తే ఆ గుండ్రంలో కూడా అంచుల నుంచి సన్నగా తెల్లబడుతోంది.