పొగలోంచి దింపిన లోహం

మొన్న డాక్టరు రాసిచ్చిన చీటీలో జింకు మాత్రలని చదివి, ఒకప్పుడు మా ఇంట్లో ఆ లోహం కోసం పడిన పాట్లు గుర్తొచ్చి, మందుల షాపు ముందే కాసేపు నిలబడిపోయాను.

మాది గంజాం నుంచి రంగూను వచ్చి, ఊరి శివారు తాకేటాలో స్థిరపడిన కంచరి కుటుంబం. ఇంటి వెనకే కొలిమి. ఎనభై ఎనిమిదిలో సైనిక పాలన మీద తిరగబడి వీధుల నిండా జనం, ఆ వెనకే తుపాకులు, కర్ఫ్యూ. నేను కెమిస్ట్రీ చదువుతున్న యూనివర్సిటీకి తాళం పడింది. బయటి సరుకు రాక ఇత్తడి పోతకు తుత్తునాగం, అదే జింకు, కరువైపోతే, అమ్మా నేనూ పాత బ్యాటరీలు ఏరుకొచ్చి, వాటి జింకు డొప్పలు ఒలిచి నాన్నకిచ్చేవాళ్ళం. కరిగిన రాగిలో అవి పడగానే పచ్చటి మంట లేచి, సగం లోహం తెల్లటి పొగై, దూదిలాంటి బూడిదై రాలిపోయేది.

ఒకరోజు ఆ పొగ పీల్చిన నాన్న సాయంత్రానికి చలిజ్వరంతో మంచం పట్టాడు. ఆస్పత్రికి వెళ్దామంటే వీధి చివర సైనికులు. అమ్మ ఏడుస్తోంది. నాన్న మగతలోకి జారిపోతాడేమోనన్న భయంతో, పాదాలు రుద్దుతూ నాకొచ్చిన పాఠమే చెప్పసాగాను: ఈ లోహపు రాయిని రాగితో కలిపి కాల్చి పూర్వులు ఇత్తడి చేశారనీ, లోహం మాత్రం పొగై పోతుండటంతో ఎన్నో తరాలు దాన్ని కళ్ళ చూడలేదనీ, చివరికి రాజస్థాన్ కొండల్లో పనివాళ్ళు వంకాయ ఆకారపు మట్టి మూసల్లో ఆ రాయినీ బొగ్గునూ కూరి, మూతి కిందికి పెట్టి, పైన మంట వేసి, కింద చల్లదనంలో పొగను బొట్లుబొట్లుగా దింపారనీ.

నాన్న కళ్ళు తెరిచాడు. "ఏటీ, పొగని కిందకి దింపీసినారా? అయితే ఆళ్ళు మనోళ్ళేనే అమ్మీ!"

తెల్లవారేసరికి ఆ జ్వరం వచ్చినట్టే పోయింది. నాన్న నేరుగా వెళ్ళి బంకమట్టి పిసికాడు. రాలిన తెల్ల బూడిదలోనే బొగ్గుపొడి కలిపి కూరాడు. రెండు మూసలు పగిలాయి. మూడోదాని కింద పెట్టిన నీళ్ళ చట్టిలో మినపగింజలంత లోహపు బొట్లు నాలుగు దొరికాయి. గిన్నె అంచుకైనా సరిపోని ఆ నాలుగింటినీ అరచేతిలో పెట్టుకుని, ఆ పూటంతా బర్మా పొరుగువాళ్ళ వాకిళ్ళకు కూడా తిరిగి చూపించాడు.

నాన్న పోయాడు, కొలిమి పోయింది. ఇప్పుడు రంగూను నడిబొడ్డున లత పేటలో ఏ దుకాణంలో అడిగినా జింకు దిమ్మలు దొరుకుతాయి. కొన్నవాళ్ళు సంచిలో వేసుకుని వెళ్ళిపోతారు. ఎవరినీ పిలిచి చూపించరు.