కాఫీ సీసాలో పోసిచ్చిన పొడి

మేముండే శివారు పాయింట్ కుక్ నుంచి సిటీకి రోజూ కారు నడిపి నడిపి నా కుడి మోకాలు మొరాయించింది. ఆఫీసులో ఒకావిడ తనకు తెలిసిన చైనా మూలికల వైద్యురాలి గురించి చెప్తే వెళ్ళాను.

"వేర్లు, బెరళ్ళు ఇస్తే ఇంట్లో మరిగించుకుంటారా, పొడి కావాలా, మాత్రలు కావాలా?" అని అడిగింది వైద్యురాలు. కషాయాలు నాకు కొత్తా అనుకుని వేర్లే ఇమ్మన్నాను. మట్టి పాత్రలోనో గాజు గిన్నెలోనో కాయమంటే, స్టీలు గిన్నె పొయ్యి మీద పెట్టి, అలవాటు కొద్దీ మిరియాలూ బెల్లమూ కూడా పడేశాను. ఇల్లంతా ఒకటే కంపు. "అమ్మా, ఇట్ స్టింక్స్" అంటూ పిల్లలు కిటికీలన్నీ తెరిచారు. వారం తిరక్కుండా పొడికి మారాను. వేణ్ణీళ్ళలో చెంచాడు కలుపుకుని తాగడమే. అది ఇచ్చేటప్పుడు ఆవిడ నేను వేసుకునే మందులన్నీ అడిగి రాసుకుంది. "ఇది మీ ఒంటికి తగ్గట్టు కలిపింది. ఇంకెవరికీ ఇవ్వకండి" అంది. బుద్ధిగా తలూపాను.

మోకాలు కాస్త తేలికపడేసరికి నాకు నోరాగలేదు. మోకాళ్ళ నొప్పులనే పక్కింటి ఆంటీకి చెప్పాను. ఆవిడ కూతురి దగ్గర ఉంటోంది. గుండె ఆపరేషన్ అయింది, రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకుంటుంది. ఇదంతా నాకు తెలుసు. అయినా మనకు పనిచేసిన మందు పక్కవాళ్ళకి పెట్టకపోతే మనవాళ్ళలో మర్యాద కాదాయె. ఖాళీ కాఫీ సీసాలో సగం పొడి పోసి, "మీరూ ట్రై చేయండి ఆంటీ, అంతా నేచురలే, సైడ్ ఎఫెక్ట్స్ ఏమీ ఉండవు" అని చేతిలో పెట్టాను. మహా పెద్ద డాక్టర్ని మరి.

రెండు వారాలకి ఆంటీ చేతుల మీద నల్లగా కమిలిన మచ్చలు లేచాయి. పళ్ళు తోముకుంటే రక్తం వస్తోందంది. కూతురికి సెలవు దొరక్క డాక్టరు దగ్గరికి నన్ను తోడు వెళ్ళమంది. ఆంటీకి ఇంగ్లీషు అంతంతమాత్రం. డాక్టరు అడిగింది తెలుగులో, ఆంటీ చెప్పింది ఇంగ్లీషులో చెప్పడం నా పని.

రక్త పరీక్ష చూసి డాక్టరు మొహం చిట్లించాడు. రక్తం మరీ పల్చబడిందట. ఈమధ్య మూలికల మందులేమైనా వాడారా అని ఇంగ్లీషులో అడిగాడు. నేను ఆంటీ వైపు తిరగను కూడా తిరగలేదు. "నో" అన్నాను. ఆయన అదే కంప్యూటర్లో ఎక్కించాడు. కారణం తెలియట్లేదంటూ మాత్ర మోతాదు తగ్గించి పంపించాడు.

కారెక్కాక ఆంటీ సీటుబెల్టు పెట్టుకుని, ముందుకే చూస్తూ అంది. "హెర్బల్ అన్నాడు కదమ్మా. ఆ మాట నాకు తెలుసులే."

కారు స్టార్టు చేయబోయి ఆగిపోయాను.

"నువ్వు నో అన్నావు. డాక్టరు ముందు నీకు చిన్నతనంగా ఉంటుందని నేనూ ఊరుకున్నాను. ఇంతకీ ఆ పొడి వేసుకోనా, మానెయ్యనా? అదొక్కటి చెప్పు."

ఛీ, నాదీ ఒక బతుకేనా అనిపించింది. సిగ్గుతో ఆవిడ మొహం చూడలేకపోయాను. కారు దిగి, ఆవిడ చెయ్యి పట్టుకుని మళ్ళీ లోపలికి తీసుకెళ్ళాను. ఇందాక నేను అబద్ధం చెప్పానని డాక్టరుతో అన్నాను. ఆయన తిట్టలేదు, తిట్టినా బాగుండేది. పొడి వెంటనే ఆపమని, రెండు రోజుల్లో మళ్ళీ పరీక్షకి రమ్మని, సీసా పట్టుకురమ్మని చెప్పాడు. సీసా మీద కాఫీ కప్పు బొమ్మ తప్ప ఏముంది? మందు పేర్లున్న డబ్బా నా వంటింట్లో ఉంది. పరుగున వెళ్ళి తెచ్చిచ్చాను.

మచ్చలు నెమ్మదిగా పోయాయి. ఆంటీ నన్ను ఒక్క మాట అనలేదు, ఇప్పటికీ ఫెన్సు మీంచి కరివేపాకు అందిస్తుంది. కానీ ఆ రెండో పరీక్షకి నేను తోడొస్తానంటే మాత్రం, "వద్దులేమ్మా, తెలుగులో చెప్పేవాళ్ళని డాక్టరు దగ్గరవాళ్ళే ఫోన్లో ఇస్తారట" అంది.