పేలికలు విప్పిన బీఎస్సీ

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లేదు. (ఇప్పుడు తెలిసింది చాలా తగ్గిపోయింది, వయసు అలాంటిది.) కృష్ణగిరిలో బీఎస్సీ వృక్షశాస్త్రం ముగించి, పోచంపల్లి దారిలో ఒక మామిడి నర్సరీలో చేరాను. ఓనరును అందరూ తోట మామ అనేవాళ్లు. "మూడు నెల్లు చూస్తానప్పా. కుదిరితే ఉండు, లేదంటే ఇంటికి పో" అన్నాడాయన. అక్కడ అంటు మొక్కలకు గుర్తుగా చీర పేలికలు కట్టేవారు. బెంగళూరా రకానికి ఎరుపు, బంగినపల్లికి పసుపు. చదువుకున్నవాడు ఉండగా ఇదేం మోటు పద్ధతి అనుకుని, మామ ఊళ్లో లేని వారం చూసి పేలికలన్నీ పీకి ఎరువు గుంటలో పారేశాను. వాటి చోట ముత్యాల్లాంటి అక్షరాలతో సిరా కలంతో రాసిన కాగితం చీటీలు కట్టాను.

ఆ రాత్రే వాన దంచికొట్టింది. పొద్దున చూస్తే చీటీల మీద ఒక్క అక్షరం లేదు. మర్నాడు మామ వస్తాడు, ఆయన వెంటే రాయకోట రైతు రెండొందల బెంగళూరా మొక్కల కోసం వస్తాడు. తప్పు రకం ఇస్తే ఆ రైతుకు తెలిసేది నాలుగేళ్లకు, కాయ కాసినప్పుడు. నా ఉద్యోగం పోయేది మాత్రం రేపే.

అయినా చదువుంది కదా! పోలికలు, తేడాలు చూసి విడదీస్తే సరి అనుకున్నాను. నడుం పట్టేసేదాకా మోసి ఎర్రాకులవి ఒక పక్క, పచ్చాకులవి ఒక పక్క పేర్చాను. మధ్యాహ్నం అంటు అవ్వ వచ్చింది (నలభై ఏళ్లుగా అంట్లు కట్టి కట్టి ఆమెకు ఆ పేరే మిగిలింది). చూసి, వక్క నమలడం ఆపేసింది.

"ఏమప్పా ఇది? ఎర్రాకు లేతది, పచ్చాకు ముదిరింది. చంటిబిడ్డనీ పెద్దబిడ్డనీ చూసి వేరే వేరే జాతి అంటావా?"

ఒక ఆకు తుంచి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇది బెంగళూరా." ఇంకొకటి నలిపింది. "ఇది బంగినపల్లి. నువ్వూ చూడప్పా."

చూశాను. రెండూ మామిడాకు వాసనే.

"నాకు రెండూ ఒకటేగా ఉంది అవ్వా!"

"మరి ఇన్నేండ్లు ఏం చదివినావప్పా?" అంది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. "సరే, పేలికలు యాడ?"

"గుంటలో పారేసినాను" అన్నాను, తలెత్తకుండా.

అవ్వ ఇంటికి పోయి తన పాత చీరలు రెండు, ఎర్రదొకటి, పసుపుదొకటి, తెచ్చి చించింది. పొద్దు గూకేదాకా ఆమె వాసన చూసి చెప్పింది, నేను కట్టాను. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు మామ వస్తూనే, "పేలికలు మారినట్లుందే?" అన్నాడు.

"పాతవి నానిపోయినాయి. పిల్లోడే మార్చినాడు" అంది అవ్వ. మామ మెచ్చుకోలుగా నా భుజం తట్టాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇప్పుడు నాకూ చిన్న నర్సరీ ఉంది. ప్లాస్టిక్ చీటీలు కట్టినా, కింద ఒక పేలిక కూడా కడతాను. అవ్వ పోయి చాలా కాలమైంది. అప్పుడప్పుడు ఎవరూ చూడకుండా ఒక్కో రకం ఆకు తుంచి, నలిపి, కళ్లు మూసుకుని వాసన చూస్తాను. ఇప్పటికీ రెండూ మామిడాకు వాసనే.